గట్టు అవతలి మొదటి గూడు

ఏవ్రిల్ ఐవ్‌సన్‌కు ఓర్వలేనితనం ఎక్కువని మా లోయలో అందరూ ఎరుగుదురు. అందరికంటె ముందు ఆమే ఎరుగును. చిన్ననాడు చెల్లెలి జడ తన జడకంటె ఒత్తుగా పెరుగుతున్నదని అలిగి, తల్లి బతిమాలేవరకు రొట్టె ముట్టలేదట. పెళ్ళయిన కొత్తలో భర్త విల్ఫ్ గొర్రెల కుక్కను పిలిచే గొంతులో ఉన్న మార్దవం తనను పిలిచే గొంతులో లేదని కనిపెట్టి, ఆ కుక్కతో చాలాకాలం మాట్లాడలేదట. ఈ సంగతులు ఆమే నవ్వుతూ చెప్పేది. చెబుతున్నప్పుడు మాత్రం ఆ జడా, ఆ కుక్కా నిన్నటివన్నట్టు కళ్ళు చిన్నవయ్యేవి.

లోయలోని చిన్న బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండిపెట్టడం ఆమె ఉద్యోగం. ఏ పిల్లవాడైనా ఇంటినుంచి తెచ్చుకున్న కేకును ఆమె చేసిన జామ్ పుడ్డింగు కంటె ఇష్టంగా తిన్నాడా, ఆ వారమంతా వాడి తల్లికి ఏవ్రిల్ పలకరింపు దొరికేది కాదు. అయితే ఆమె వంటశాల కిటికీ దగ్గర నిలబడిన ఏ బిడ్డా ఖాళీ కంచంతో తిరిగిపోయిన రోజు లేదు. అలిగిన తల్లుల పిల్లలకు ఒక గరిటె ఎక్కువే పడేదని కూడా చెప్పుకొనేవారు.

అటువంటి మనిషి ప్రాణానికి ప్రాణంగా పెట్టుకున్నది పిల్లిగద్దలను.

రాతిగోడలు దాటి పైకి పోతే హెదర్ పొదల బీడు. అది ఎస్టేటుది. ముదిరిన హెదర్‌ను వంతులవారీగా కాల్చి లేతచిగురు రప్పించి, ఆ చిగురు మీద గ్రౌస్ కోళ్ళను పెంచి, ఆగస్టు వచ్చేసరికి వాటిని డబ్బిచ్చి వేటకు వచ్చేవారి తుపాకుల ముందుకు తోలించడం దాని వ్యాపారం. గ్రౌస్ పిల్లలను ఎత్తుకుపోతుంది గనుక పిల్లిగద్ద ఆ వ్యాపారానికి శత్రువు. చట్టం ఆ పక్షిని ముట్టరాదన్నది. కాని చట్టం ఉండేది లండనులో. బీడు మీద ఉండేది వేట కాపరి. ఆ రోజుల్లో కాపరి అమోస్ స్కార్.

ఒక వసంతకాలపు ఉదయం, తమ గొర్రెలదొడ్డి తలుపు పక్కనున్న గుంజ మీద, ఏవ్రిల్‌కు ఒక ఆడ పిల్లిగద్ద కనిపించింది. గుంజ తలకు బిగించిన ఇనుప పళ్ళ బోనులో రెండు కాళ్ళూ చిక్కి, తలకిందులుగా వేలాడుతూ, ఇంకా రెక్కలు కొట్టుకొంటున్నది. ఆమె బోను విప్పి, పక్షిని వంటగుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చింది. పొయ్యి ముందరి కంబళి మీద అది మధ్యాహ్నం దాకా ఆమె కళ్ళలోకే చూసి చనిపోయింది. ఆదివారం నాడు ఆమె దాన్ని వార్తాపత్రికలో చుట్టి ప్రార్థనా మందిరానికి తీసుకువెళ్ళి, ప్రార్థన ముగిసి అందరూ టీకి చేరినప్పుడు, కేకుల పళ్ళేల నడుమ పెట్టి పొట్లం విప్పింది.

"దీన్ని గురించి ఎవరైనా ఏమైనా అంటారా?" అని అడిగింది.

అమోస్ స్కార్ తన కప్పులో చక్కెర కలుపుకొంటూనే ఉన్నాడు. చివరకు ఒక ముసలమ్మ, "టీ చల్లారిపోతోంది, ఏవ్రిల్," అన్నది.

ఆనాటి నుంచి ఆమె ఒంటరి. వేటరోజుల్లో గ్రౌస్‌ను తోలడానికి ఊళ్ళో మగవాళ్ళందరికీ పిలుపు వచ్చేది; కూలీ, మద్యం, ఇంటికి రెండు పక్షులు. విల్ఫ్‌కు ఆ పిలుపు ఆగిపోయింది. ఊరి వేసవి ప్రదర్శనలో ఏటా బహుమతి తెచ్చుకొనే ఆమె అల్లం కేకును ఆ ఏడు న్యాయనిర్ణేతలు కోసైనా చూడలేదు. ఆమె లెక్కచేయలేదు. ప్రతి వసంతంలోను విల్ఫ్ పాతకోటు తొడుక్కొని, దుర్భిణీ మెడకు తగిలించుకొని, దొడ్డిగోడ దగ్గర నిలబడేది. పత్రికలకు రాసేది, పోలీసులను విసిగించేది, పట్నంనుంచి ఎవరైనా పక్షిప్రేమికులు వస్తే టీ పోసి బీడు చూపించేది. అన్నిటికంటె ముఖ్యంగా, తాను చూస్తున్నానని ఎస్టేటుకు తెలిసేలా నిలబడేది. ఆమె నిలబడిన వసంతాల్లో కొన్ని గూళ్ళు బతికాయి, చాలా గూళ్ళు బతకలేదు. మగగద్ద ఒకనాడు రావడం మానేసేది. ఆ పిమ్మట ఆడది గూడు విడిచిపోయేది. అమోస్ పోయి కొడుకు కిట్ స్కార్ కాపరి అయిన తరువాత కూడా ఒకటి రెండు సార్లు అలాగే జరిగింది.

ఆ దశలో వచ్చింది రోజలిండ్ పికర్స్‌గిల్. బ్రాడ్‌ఫర్డ్‌లో క్షౌరశాల నడిపిన విధవరాలు. భర్త పోయాక మందిరం పక్కనున్న చిన్న ఇల్లు కొనుక్కొన్నది. పెద్ద నవ్వు, ఎర్రటి చేతిసంచి, ఎవరినైనా మొదటి పలకరింపుకే పేరుతో పిలిచే చనువు. ఒకనాడు దొడ్డిగోడ దగ్గరికి వచ్చి, "ఏం చూస్తున్నారు?" అని అడిగింది. అన్నేళ్ళలో లోయవాళ్ళెవ్వరూ ఏవ్రిల్‌ను ఆ ప్రశ్న అడగలేదు. ఆమె కరిగిపోయింది. తనకు తెలిసినదంతా నేర్పింది.

"మగాణ్ణి చూడకు, ఆడదాన్ని చూడు," అని దుర్భిణీ చేతికిచ్చి చెప్పింది. "వాడు తిండి తెస్తాడు గానీ గూటి దగ్గరికి రాడు. పిలుస్తాడు, ఆవిడ లేచి వస్తుంది, గాల్లోనే వదిలేస్తాడు. ఆవిడ వెల్లకిలా తిరిగి కాళ్ళతో అందుకుంటుంది. తర్వాత ఆవిడ ఎక్కడ దిగితే అక్కడే గూడు."

"అచ్చం మా ఆయనే! జీతం గుమ్మంలోంచి విసిరేసి పబ్బుకి పోయేవాడు. నేనూ అలాగే పట్టుకునేదాన్ని."

ఏవ్రిల్ ఎంత నవ్విందంటే, బీడు మీద చెదరిన గొర్రెలు మళ్ళీ దగ్గరకు చేరడానికి కొంతసేపు పట్టింది. ఆ వసంతమూ, మరుసటి వసంతమూ వారిద్దరూ అక్కచెల్లెళ్ళ వలె తిరిగారు.

కాని రోజలిండ్ చేతిలో ఏవ్రిల్‌కు లేని పరికరం ఒకటి ఉన్నది, అది కత్తెర. ఆమె ఇంటింటికీ వెళ్ళి జుట్టు కత్తిరించేది. కత్తిరిస్తూ గద్దల ముచ్చట్లు చెప్పేది. చెవి పక్కన కత్తెర ఆడుతుండగా ఎదురు చెప్పే మగవాడెవడు? పెద్ద పెద్ద గొర్రెల ఆసాములు మెడచుట్టూ తువ్వాలు కట్టించుకొని, పిల్లిగద్ద ఎంత గొప్ప పక్షియో బుద్ధిగా విన్నారు. ఏవ్రిల్‌ను చూసి వీధి మార్చుకొన్నవారు రోజలిండ్‌ను చూసి, "ఏమమ్మా, నీ గద్దలు ఎలా ఉన్నాయి?" అని కేకవేయసాగారు. నీ గద్దలు! ఆ మాట ఏవ్రిల్‌కు ఎన్నటికీ మింగుడుపడలేదు. కిట్ స్కార్ కూడా రోజలిండ్ దగ్గరే క్షవరం చేయించుకొనేవాడు.

టెలివిజన్‌వారు వచ్చినప్పుడు రోజలిండ్‌ను దొడ్డిగోడ దగ్గర, సరిగ్గా ఏవ్రిల్ నిలబడే చోట నిలబెట్టారు. ఏవ్రిల్ అందరికీ టీ తెచ్చింది. కెమెరా పట్టుకొన్న కుర్రవాడు మర్యాదగానే అన్నాడు, "పెద్దమ్మా, కొంచెం పక్కకు జరుగుతారా? గోడ కనబడాలి."

ఆమె జరిగింది. ఆ వేసవి ప్రదర్శనలో అల్లం కేకుకు మొదటి బహుమతి రోజలిండ్‌కు వచ్చింది. ఆ కేకు చేయడం నేర్పింది ఏవ్రిలే.

"ఆవిడ పేరెత్తితే నీకు ఎందుకంత మంట?" అని అడిగాడు విల్ఫ్ ఒకనాడు.

"మంటా? నాకేం మంట! నా గోడ తీసుకుంది, నా గద్దలు తీసుకుంది, నా అల్లం కేకు తీసుకుంది. ఇక మిగిలింది నువ్వు. వెళ్ళు, వెళ్ళి క్షవరం చేయించుకో."

"నాకు జుట్టేదే?" అన్నాడు విల్ఫ్, బట్టతల తడుముకొంటూ.

ఆ తరువాతి వసంతంలో దొడ్డిగోడకు ఎదురుగా, హాగ్ వాగు పక్కన హెదర్ పొదల్లో ఒక జంట గూడు కట్టింది. అప్పటికి రోజలిండ్ చుట్టూ కాపలాకు చాలినంతమంది చేరారు. ఎవరెప్పుడు కాయాలో ఆమే పంచింది. ఏవ్రిల్‌కు దక్కినది మధ్యాహ్నపు ఎండ సూటిగా కళ్ళలో పడే వేళ. "నీకు వయసైంది కదా, పొద్దున్నే చలిలో ఎందుకని..." అన్నది రోజలిండ్. ఆమె మంచి మనసుతోనే అన్నదని నేను నమ్ముతాను. ఏవ్రిల్ నమ్మలేదు. "నా చలి సంగతి నేను చూసుకుంటా," అని, తన వంతును అక్కడే వదిలేసి, బ్లీ గట్టు ఎక్కి అవతలికి దిగిపోయింది. ఎవరూ పోని వైపు అది. తేమనేల, తుంగ, పాడుపడిన ఒక రాతిదొడ్డి. ఎవరి ముఖమూ చూడనక్కరలేని చోటు కావాలని మాత్రమే ఆమె అక్కడికి పోయింది.

ఆ పాడు దొడ్డిలో కూర్చుని రొట్టె తింటుండగా మగగద్ద వచ్చింది. పొగమంచు రంగు ఒళ్ళు, సిరాలో ముంచినట్టున్న రెక్కకొసలు. ఎడమ రెక్కలో ఒక ఈక ఊడిపోయి, ఎగిరినప్పుడు ఆ సందులోంచి ఆకాశం కనిపిస్తున్నది. ఏవ్రిల్ నోటిలో రొట్టె అలాగే ఉండిపోయింది. ఆ సందు ఆమెకు తెలుసు. హాగ్ వాగు మీది వాడే!

వాడు పిలిచాడు. తుంగలోంచి ఒక గోధుమరంగు ఆడగద్ద లేచింది. గాలిలో వెల్లకిలా తిరిగి ఎలుకను అందుకొని, దొడ్డికి దూరంగా పొదల్లో దిగింది. ఏవ్రిల్ దినదినమూ వచ్చి చూసింది. హాగ్ వాగు గూటిలో ఇంకా గుడ్లు పొదుగుతుండగానే, ఇక్కడి ఆడది తిండిని ముక్కలుగా తుంచి లోపల ఎవరికో పెడుతున్నది. అంటే ఇక్కడ పిల్లలు అప్పటికే పుట్టాయి. ఇది ముందు కట్టిన గూడు.

"అయితే నువ్వే మొదటిదానివన్నమాట!" అన్నది ఏవ్రిల్ పైకే. "అక్కడ వాళ్ళంతా దుర్భిణీలు పెట్టి కాపలా కాసేది రెండోదాన్ని!"

ఒక మగగద్ద రెండు ఇళ్ళు నడపగలదని ఆమె ఎక్కడో చదివింది కాని కళ్ళతో చూడలేదు. ఒక్క జంట బతకడమే గగనమైన మా బీడు మీద అటువంటి సంసారానికి చోటెక్కడిది? ఎవరికీ తెలియని ఆ గూడు ఆమె గుండెలో తేనెపట్టులా వేలాడింది. టెలివిజన్ లేదు, కత్తెర లేదు, నీ గద్దలు అనే నోరు లేదు. ఇది నాది, అనుకొన్నది. ఇంటికి వచ్చి విల్ఫ్‌తో కూడా చెప్పలేదు.

హాగ్ వాగు పిల్లలు గుడ్లలోంచి బయటపడిన తరువాత వానలు పట్టాయి. వానలో వేట కష్టం. గట్టు అవతల పెరిగిన పిల్లల ఆకలి పెద్దది. మగగద్ద తెచ్చినదంతా అటే పెట్టసాగాడు. హాగ్ వాగుకు రాకపోకలు తగ్గాయి, పిమ్మట పూర్తిగా ఆగాయి. అదే వేళకు బీడు పైభాగాన కిట్ స్కార్ తుపాకి రెండుమూడు మార్లు మోగింది. కాకులను కాలుస్తున్నానన్నాడు. కాపలావాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. మా లోయలో రాని మగగద్ద అంటే చచ్చిన మగగద్ద. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి ఆ లెక్క తప్పడం ఎవరూ చూడలేదు. రోజలిండ్‌కు ఆ లెక్క నేర్పినది కూడా ఏవ్రిలే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ శనివారమే ఊరి సభాభవనంలో ఎస్టేటువారితో సమావేశం. ఎస్టేటు వ్యవహారాలు చూసే లోరిమర్ గారు ఒక ఒప్పందానికి తల ఊపాడు. పిల్లిగద్దలు పిల్లలను పెంచే కాలంలో ఎస్టేటు కాపరే గూటి దగ్గర వాటికి మేత పెట్టాలి. కడుపు నిండిన గద్ద గ్రౌస్ పిల్లల జోలికి పోదు. గూటిని ఎవరూ ముట్టరు. ఏవ్రిల్ బోను విప్పిననాటి నుంచి కోరుకొన్నది అదే. కత్తెర పట్టి దాన్ని సాధించింది రోజలిండ్. సంతకం ఒక్కటే తక్కువ. ఆ సభలో కాపరి గద్దను చంపాడనే మాట పడితే సంతకం జరగదు. కిట్ ఉద్యోగం పోతుంది. కాపరి ఇల్లు ఎస్టేటుదే గనుక భార్యాబిడ్డలతో వీధిలో పడతాడు. ఆ పిమ్మట బీడు మీద ఏ గూటికీ రక్ష ఉండదు.

ఏవ్రిల్‌కు ఇదంతా తెలుసు. తెలిసీ ఆమె మనసు వేరే దారిన పోయింది. రోజలిండ్ లేచి నిలబడి, ఆ గొప్ప గొంతుతో, గద్ద చచ్చిందంటుంది. మరునాడు తాను లోయనంతా గట్టు ఎక్కించి, రెక్కలో సందున్న ఆ గద్దను చూపిస్తుంది. అప్పుడు ఆ నవ్వుముఖం ఎలా మాడుతుందో ఊహించుకొంటూ ఆమె ఆ వారం రుచిగా భోంచేసింది.

శుక్రవారం సాయంత్రం రోజలిండ్ వానలో తడిసి ఆమె వంటింటికి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఆడది ఒక్కతే వేటకి పోతోంది, ఏవ్రిల్. పిల్లలు వానలో వణుకుతున్నాయి. నేను చూడలేకపోతున్నా. రేపు సభలో నువ్వు మాట్లాడు."

"నేనా?"

"నువ్వే. మొదలుపెట్టింది నువ్వు. అమోస్ బోనులోంచి పక్షిని విప్పింది నువ్వు. నేను చెబితే బ్రాడ్‌ఫర్డ్ దాని వాగుడంటారు. అప్పుడు తండ్రి, ఇప్పుడు కొడుకు అని నువ్వు చెప్పు, లోయంతా వింటుంది. ముందునుంచీ నువ్వే మాట్లాడాల్సింది. నాకే బుద్ధి లేకపోయింది."

ఇన్నేళ్ళుగా వినాలని ఆమె చెవులు తపించిన మాట అది. ఆ మాట చెప్పిన మనిషి తలనుంచి వాననీళ్ళు ఆమె వంటింటి నేలమీద కారుతున్నాయి.

"ఆలోచిస్తాలే," అన్నది ఏవ్రిల్. ఒక తువ్వాలైనా ఇవ్వలేదు.

రోజలిండ్ వెళ్ళిపోయాక, పొయ్యి పక్కన కూర్చున్న విల్ఫ్ అన్నాడు. "కోరుకున్నది కాళ్ళ దగ్గరికి వస్తే ముఖం అలా పెట్టావేం?"

"గద్ద చావలేదు, విల్ఫ్."

ఆమె అంతా చెప్పింది. పాడు దొడ్డి, రెక్కలో సందు, మొదటి గూడు. తిడతాడనుకొన్నది. ఆయన తిట్టలేదు. పొగాకు పైపులోని బూడిద దులిపి అడిగాడు.

"మరి ఆ పిల్లలకి తిండి ఎవరు పెడుతున్నారే?"

"ఏ పిల్లలకి?"

"హాగ్ వాగు పిల్లలకి."

అంతవరకు ఏవ్రిల్ ఊహలో హాగ్ వాగు గూడు రోజలిండ్ గూడే కాని, పిల్లలున్న గూడు కాదు. వంటశాల కిటికీ దగ్గర అలిగిన తల్లి బిడ్డకు ఒక గరిటె ఎక్కువ పోసిన మనిషి, ఈ వానరోజులన్నీ ఆ కంచాల వంక చూడనేలేదు. ఆ సాయంత్రం ఆమె భోజనం చేయలేదు.

శనివారం మధ్యాహ్నం సభాభవనం నిండిపోయింది. నేను వెనక బెంచీలో ఉన్నాను. బల్ల వెనక లోరిమర్ గారు, ఎదుట కాగితాలు, మూత తీసిన కలం. గుమ్మం దగ్గర టోపీ చేతిలో పట్టుకొని కిట్ స్కార్, కొత్తగా క్షవరమై. అది రోజలిండ్ చేతి పనే. రోజలిండ్ లేచి, "ఇవాళ ఏవ్రిల్ మాట్లాడుతుంది," అని కూర్చుంది.

ఏవ్రిల్ లేచింది. ఆదివారం కోటు వేసుకొన్నది. ఆమె చూపు మొదట కాపరి మీదికి పోయింది.

"కిట్ స్కార్, మీ నాన్న మీద నాకున్న కోపం నేను పోయేదాకా పోదు. అది వేరే లెక్క. హాగ్ వాగు మగగద్దని నువ్వు చంపావని ఇక్కడ సగంమంది అనుకుంటున్నారు."

"అనుకుంటారని నాకు తెలుసు," అన్నాడు కిట్. అతని ముఖం పాలిపోయి ఉన్నది.

"నువ్వు చంపలేదు. అది చావలేదు. బ్లీ గట్టు అవతల దానికి ఇంకో సంసారం ఉంది."

ముందు బెంచీలోని ఒక ఆసామి, "ఇద్దరు పెళ్ళాలా?" అన్నాడు.

"ఇద్దరు. హాగ్ వాగుది రెండోది."

"ఈ వానల్లో ఇద్దరినా! నాకు ఒక్కదానితోనే నడుం విరుగుతోంది."

"నీకు ఆ ఒక్కతే ఎక్కువ, కూర్చో," అన్నది పక్కనున్న భార్య. సభాభవనం నవ్వుతో దద్దరిల్లింది. కిట్ గోడకు ఆనుకొని కళ్ళు మూసుకొన్నాడు. నవ్వనిది రోజలిండ్ ఒక్కతే.

"నీకెప్పటినుంచి తెలుసు, ఏవ్రిల్?" అని అడిగింది.

"నీ గూట్లో గుడ్లు పగలకముందు నుంచి."

"నేను వానలో కూర్చుని వాడి కోసం ఏడుస్తుంటే నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

నవ్వు ఆగిపోయింది. ఎందుకో లోయలో ప్రతి ఒక్కరికీ తెలుసు. అబద్ధమాడితే ఎవరూ కాదనేవారు కారు కూడా. ఏవ్రిల్ కోటు బొత్తాం ఒకటి తిప్పుతూ, "నాదంటూ ఒకటి ఉండాలనిపించింది," అన్నది. "ఇంకా నిజం కావాలంటే, నువ్వు ఇక్కడ లేచి తప్పు మాట్లాడితే చూడాలనిపించింది."

లోరిమర్ గారు గొంతు సవరించుకొన్నాడు. అతనికంటె ముందు గుమ్మం దగ్గరనుంచి కిట్ అన్నాడు, "మిగతాది తర్వాత తేల్చుకోండమ్మా. ముందు ఆ పిల్లల కడుపు సంగతి చూడండి. కుందేళ్ళ వేటకి పెంచే ఫెర్రెట్లకి వేద్దామని మా ఫ్రిజ్‌లో చచ్చిన కోడిపిల్లల్ని పెట్టా. సంతకం అయిపోతే తీసుకొస్తా."

సంతకం అయింది.

గూటి దగ్గరకు పోవడానికి ప్రభుత్వ అనుమతి ఉన్న మనిషి ఒకడు కిట్‌తో కలిసి వెళ్ళాడు. మేత పెట్టడానికి గుంజ పాతారు; ఏ గుంజ మీద బోను ఉండేదో ఆ మాదిరి గుంజే. మేమంతా వాగు ఇవతల నిలబడ్డాం. తిరిగి వచ్చినప్పుడు ఆ అనుమతి మనిషి చేతిలో చిన్నది ఏదో ఉన్నది. పిల్లల్లో అన్నిటికంటె చిన్నది ఆకలికి చచ్చిపోయింది. రోజలిండ్ దాన్ని తీసుకొని, మెడకున్న గుడ్డ విప్పి అందులో చుట్టి, ఏవ్రిల్ చేతిలో పెట్టి నడిచి వెళ్ళిపోయింది.

వంటింటి కిటికీ కింద ఎర్రపండ్ల పొద ఒకటి ఉన్నది. పూర్వం బోనులో చిక్కిన ఆడగద్దను పాతిపెట్టినది దాని మొదట్లోనే. ఏవ్రిల్ ఆ పిల్లను అక్కడే పాతింది. విల్ఫ్ పార తెచ్చి ఇచ్చాడు. తవ్వింది ఆమే.

ఆ మరునాడు రోజలిండ్ కాపలా వంతులు మార్చింది. ఏవ్రిల్‌కు హాగ్ వాగు దగ్గర తెల్లవారుజామున, చలి కొరికే వేళ. గట్టు అవతలి గూటికి రోజలిండ్ తానే పోసాగింది. న్యాయమేనని ఏవ్రిల్ ఒప్పుకొన్నది. ఒప్పుకొన్నంత మాత్రాన మంట చల్లారలేదు. తాను కనుగొన్న పాడు దొడ్డిలో, తాను కూర్చున్న రాతి మీద ఆ ఎర్రసంచి ఉంటుందని తలచుకొంటే ఆమెకు టీ సహించేది కాదు. దానికి తోడు ఇక్కడ మరొక బాధ. ఆడగద్ద కిట్ స్కార్‌కు అలవాటుపడింది. అతని బూట్ల చప్పుడు వినగానే వచ్చి గుంజ మీద వాలేది. వసంతం వెంబడి వసంతం దాని జాతి కోసం చలిలో నిలబడిన ఏవ్రిల్ కొంచెం కదిలిందా, కీచుమంటూ తలమీదికి దూకేది.

"నన్ను చూస్తే దానికి ఇష్టం," అన్నాడు కిట్ ఒకనాడు, కోడిపిల్లలు పెట్టి వస్తూ. అతను ఆమెతో తానై మాట్లాడటం అదే మొదలు.

"నిన్ను కాదు, నీ ఫ్రిజ్‌ని చూస్తే."

"మీకు నా మీద కూడా కుళ్ళేనా, ఏవ్రిల్ గారూ?"

"అందరి మీదా ఉంది. నువ్వేం ప్రత్యేకం కాదు."

జూలై మొదట్లో, ఎండ కాసిన ఒక ఉదయం, గట్టు మీదినుంచి మనిషి దిగి రావడం ఏవ్రిల్ దుర్భిణీలో చూసింది. ఎర్రసంచి. సభ జరిగిననాటి నుంచి వారిద్దరి నడుమ మాట లేదు. రోజలిండ్ తొందర లేకుండా నడిచివచ్చి, దొడ్డిగోడకు అవతల ఆగింది.

"నీది ఎగిరింది," అన్నది.

"ఎంత దూరం?"

"పాడు దొడ్డి గోడ దాకా. దిగడం రాక బోర్లా పడింది. మళ్ళీ లేచింది."

"నువ్వు చూశావా?"

"చూశా."

ఏవ్రిల్ హాగ్ వాగు వైపు తిరిగింది. ఇక్కడి పిల్లలు ఇంకా హెదర్‌లోంచి తలలు మాత్రమే ఎత్తుతున్నాయి. "నేను చూడాల్సింది," అన్నది.

"అవును, నువ్వే చూడాల్సింది."

ఓదార్పుగా అనలేదు, ఎత్తిపొడుపుగా అనలేదు. అని, గోడ మీద చేతులు ఆన్చి, ఇవతలికి ఎక్కి, ఏవ్రిల్ పక్కనే కాక కొంచెం ఎడంగా కూర్చుంది. సంచీలోంచి పొట్లం తీసి గోడ మీద పెట్టింది. అల్లం కేకు. ఏవ్రిల్ ఒక ముక్క తుంచి నోట్లో వేసుకొని నమిలింది.

"అల్లం తక్కువైంది," అన్నది.

"బహుమతి వచ్చింది దీనికే."

"వాళ్ళకి నాలుక లేదు."

రోజలిండ్ చేయి చాచి దుర్భిణీ అడిగింది. ఏవ్రిల్ కాసేపు ఇవ్వలేదు. గట్టు అవతల ఆకలి తగ్గినట్టుంది, ఇన్నాళ్ళకు హాగ్ వాగు మీదుగా బూడిదరంగు మగగద్ద వస్తున్నాడు. ఎడమ రెక్కలో కొత్త ఈక సగం పెరిగి సందు పూడుతున్నది. వాడు పిలిచాడు. రెండవ ఇంటి ఇల్లాలు పొదలోంచి లేచింది. అది గాలిలో వెల్లకిలా తిరిగి తిండి అందుకొనేదాకా ఏవ్రిల్ తానే చూసి, ఆ తరువాత మెడలోనుంచి దుర్భిణీ తీసి పక్కకు ఇచ్చింది.